క్యామ్డెన్ యార్డ్స్: బాల్టిమోర్ నడిబొడ్డున ఉన్న బేస్‌బాల్ మైదానం ఎందుకంత ముఖ్యం? (చర్చ)

కొత్త_ప్రేక్షకుడు

క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ణి, బేస్‌బాల్ ఈమధ్యే మొదలుపెట్టాను. మైదానాల గురించి ఏది చదివినా ‘క్యామ్డెన్ యార్డ్స్‌కు ముందు, ఆ తర్వాత’ అని కాలాన్ని రెండుగా విడదీసి రాస్తున్నారు. ఆ మైదానంలో అంత కొత్తగా ఏం చేశారు? రెండో సందేహం: ఎడమవైపు గోడ ఒక దూరంలో, కుడివైపు గోడ ఇంకో దూరంలో, ఇంకో ఎత్తులో ఎందుకు? కావాలని వంకరగా కట్టారా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

సుధ_ఆర్కిటెక్ట్

ముందు దానికి ముందున్న కాలం చెప్పాలి. 1960లు, 70ల్లో అమెరికా నగరాలు బేస్‌బాల్‌కూ ఫుట్‌బాల్‌కూ కలిపి ఒకే గుండ్రటి కాంక్రీటు స్టేడియం కట్టాయి. పిట్స్‌బర్గ్‌లో త్రీ రివర్స్, సిన్సినాటిలో రివర్‌ఫ్రంట్, ఫిలడెల్ఫియాలో వెటరన్స్. లోపల కూర్చుంటే ఏ ఊళ్లో ఉన్నామో తెలియదు. రెండు ఆటల కొలతలూ వేరు కాబట్టి రెండింటికీ సరిపడే గుండ్రం కడితే రెండింటికీ సీట్లు దూరమయ్యాయి.

బాల్టిమోర్ కథలో భయం కూడా ఉంది. 1984 మార్చి 28 రాత్రి ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు కోల్ట్స్ సామాను లారీల్లో సర్దుకుని ఇండియానాపోలిస్‌కు వెళ్లిపోయింది. బేస్‌బాల్ జట్టు ఓరియోల్స్ కూడా పోతారేమోనని ఊరంతా బెంగపడింది. మేయర్‌గా చేసి గవర్నరైన విలియం డొనాల్డ్ షేఫర్ ఆ భయాన్ని పనికి మళ్లించారు. స్టేడియాలు కట్టడానికి 1986లో మేరీలాండ్ స్టేడియం అథారిటీ ఏర్పడింది, డబ్బు కోసం ప్రత్యేక లాటరీలు పెట్టారు. 1988లో ఓరియోల్స్ సీజన్ మొదట్లోనే వరుసగా 21 ఆటలు ఓడారు. ఆ ఓటముల తర్వాత సొంత ఊరికి తిరిగొచ్చిన మే 2 రాత్రే కొత్త మైదానం ఒప్పందం ప్రకటించారు.

డిజైన్ పని కాన్సస్ సిటీకి చెందిన హెచ్‌ఓకే స్పోర్ట్‌ది, ఇప్పుడు పాపులస్ అంటున్నది ఆ సంస్థనే. వాళ్లు మొదట చూపించిన నమూనా అప్పట్లో షికాగోలో కడుతున్న కొత్త కొమిస్కీ పార్క్ తరహాలో ఉంది. జట్టు అధ్యక్షుడు ల్యారీ లూకినో దాన్ని ఒప్పుకోలేదు. బేస్‌బాల్ ఒక్కదానికే, పాత కాలపు బాల్‌పార్క్‌లా, ఊళ్లో ఇమిడిపోయేలా కావాలని పట్టుబట్టారు. ఆ పట్టుదలను గీతల్లోకి, ఇటుకల్లోకి దించింది జట్టు తరఫున పనిచేసిన ఆర్కిటెక్ట్ జానెట్ మేరీ స్మిత్. 1989లో పని మొదలై 1992 ఏప్రిల్ 6న తొలి ఆట జరిగింది. రిక్ సట్‌క్లిఫ్ మొత్తం ఆట తానే విసిరి క్లీవ్‌లాండ్‌పై 2-0తో గెలిపించాడు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. వంకర కావాలని గీసింది కాదు, స్థలం చేతికిచ్చింది. తూర్పున బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే వాళ్ల గోదాము ఉంది. 1899 నుంచి 1905 వరకు కట్టిన ఎనిమిది అంతస్తుల ఇటుక భవనం. వెడల్పు 51 అడుగులే, పొడవేమో వెయ్యి అడుగుల పైచిలుకు. తొలి ఆలోచనల్లో దాన్ని కూల్చేయాలన్న మాట కూడా ఉంది. ఉంచేద్దామని నిర్ణయించిన క్షణంలో కుడివైపు మైదానం ఎక్కడ ఆగాలో తేలిపోయింది. మిగతాదంతా ఆ గోడ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చారు.

రావు_స్టీల్

సుధగారు చెప్పిన దానికి నిర్మాణం వైపు నుంచి కొంత కలుపుతాను. ఇటుక తొడుగును అందరూ ఫొటో తీస్తారు కానీ అసలు నిర్ణయం దాని వెనకాల ఉంది. పై గ్యాలరీని మోసేది కాంక్రీటు ఫ్రేము కాదు, బయటికి కనపడే ఉక్కు ట్రస్సులు (త్రికోణాలుగా అల్లిన చట్రాలు). అప్పటి స్టేడియాలన్నీ కాంక్రీటు దిమ్మెలే. ఉక్కు భాగాలు సన్నగా ఉంటాయి కాబట్టి నడవాల్లోకి గాలి, వెలుతురు వస్తాయి, మెట్లెక్కుతూ కూడా మైదానం కనిపిస్తుంది. కాంక్రీటు ఫ్రేములో అదే బరువుకు దూలాలు బాగా లావవుతాయి, నడవా సొరంగంలా తయారవుతుంది.

సీటు నుంచి ఆట ఎంత బాగా కనపడుతుందనే లెక్క కూడా చూడండి. ముందు వరుసలో కూర్చున్నవాడి తల మీదుగా మీ చూపు ఎంత ఎత్తులో దాటుతుందో దాన్ని సి-విలువ అంటారు. 60 మిల్లీమీటర్లుంటే మెడ చాచి సర్దుకోవాలి, 90 ఉంటే బాగుంటుంది, 120 ఉంటే టోపీ పెట్టుకున్నవాడు ముందున్నా ఇబ్బంది లేదు. ఆ విలువ పెంచాలంటే మెట్టు ఎత్తు పెంచాలి, అంటే గ్యాలరీ నిటారవుతుంది. కింద కార్పొరేట్ సూట్ల అంతస్తులు దూరిస్తే పై గ్యాలరీ మొత్తం పైకి లేస్తుంది. లేచిన కొద్దీ ఇంకా నిటారుగా కట్టక తప్పదు.

కొత్త కొమిస్కీలో సరిగ్గా అదే జరిగింది. 1991లో, అంటే క్యామ్డెన్‌కు ఒక్క ఏడాది ముందు తెరిచారు. పై గ్యాలరీ వాలు 35 డిగ్రీలు. దిగేటప్పుడు కాళ్లు వణుకుతున్నాయని జనం మొత్తుకున్నారు. చివరికి 2004 సీజన్ నాటికి పైనున్న ఎనిమిది వరుసలు, సుమారు 6,600 సీట్లు, కోసేసి కప్పు వేశారు. ఒకే సంస్థ డిజైన్ చేసిన రెండు మైదానాలు, తేడా ఒక్క ఏడాది. డిజైనర్ కంటే ఇలాగే కావాలని అడిగే యజమాని ఎంత ముఖ్యమో చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు.

ఉక్కుతో ఇబ్బంది కూడా చెప్పాలి. గ్యాలరీ మెట్లు ముందే పోసి తెచ్చిన కాంక్రీటు పలకలు. పలకకూ పలకకూ మధ్య కీలు వదిలి సీలెంట్ నింపుతారు. ఎండకూ చలికీ పలకలు సాగుతూ ముడుచుకుంటూ ఉంటాయి కాబట్టి ఆ సీలెంట్ పదేళ్ల లోపే చీలుతుంది. చీలాక వాన నీళ్లు, చలికాలంలో మంచు కరగడానికి చల్లిన ఉప్పు, కింద ఉక్కు మీద కారతాయి. బోల్టు ప్లేట్ల సందుల్లో నిలిచి అక్కడే తుప్పు మొదలవుతుంది. పైన రంగు వేసి దాచేస్తే లాభం లేదు, ముందు కీలు బాగుచేయాలి. ఇలాంటి పార్కుల మరమ్మతు బడ్జెట్‌లో ఎవరి కంటా పడని పద్దు ఇదే.

స్కోర్‌బుక్

కొలతలు నేను చెప్తాను. బేస్‌బాల్‌లో లోపలి చతురస్రం ఎక్కడైనా ఒక్కటే: బేసుకూ బేసుకూ మధ్య 90 అడుగులు, పిచ్చర్ (బంతి విసిరేవాడు) నిలబడే పలక నుంచి హోమ్ ప్లేటుకు (బ్యాటర్ పక్కన నేలలో ఉండే పలక) 60 అడుగుల 6 అంగుళాలు. బయటి గోడకు మాత్రం నిబంధన ‘కనీసం ఇంత’ అనే చెప్తుంది. 1958 జూన్ 1 తర్వాత కట్టే మైదానాలకు ఫౌల్ గీతల మీద (హోమ్ ప్లేటు నుంచి రెండు పక్కలకూ పోయే హద్దు గీతలు) 325 అడుగులు, మధ్యలో 400 అడుగులు.

క్యామ్డెన్ తెరిచినప్పటి కొలతలు: ఎడమ గీత మీద 333, మధ్యలో 400, కుడి గీత మీద 318. అంటే కుడివైపు నిబంధన కంటే 7 అడుగులు తక్కువ. లీగు అనుమతితో కట్టారు. దానికి సర్దుబాటుగా కుడివైపు గోడ 25 అడుగుల ఎత్తు లేపి, అందులోనే ఇతర ఊళ్ల స్కోర్లు చూపే బోర్డు పెట్టారు. ఎడమ, మధ్య భాగాల్లో గోడ ఎత్తు 7 అడుగులే.

చిన్న లెక్క వేయండి. బంతి 45 డిగ్రీల కోణంలో దిగుతోందనుకుందాం. గోడ ఎన్ని అడుగులు ఎత్తుంటే అన్ని అడుగులు దూరం పెరిగినట్టే. కుడివైపు 318కి 25 కలిపితే 343. ఎడమవైపు 333కి 7 కలిపితే 340. చూడ్డానికి వంకరే, హోమ్ రన్ (గోడ దాటించడం, క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) కొట్టడానికి మాత్రం రెండు గీతల మీదా దాదాపు ఒకే కష్టం. 2012 సీజన్‌కు ముందు ఆ గోడను 21 అడుగులకు తగ్గించారు. దాని వెనక జెండాల ఆవరణలో నిలబడి చూసేవాళ్లకు ఆట కనపడాలని. అప్పుడు లెక్క 339కి వచ్చింది, ఇంకా సమానంగానే ఉంది.

గోడకూ గోదాముకూ మధ్య ఉన్నది యూటా వీధి. అది నిజంగా ఊరి వీధే, వాహనాలు ఆపేసి మైదానంలో కలిపారు. ఎడమచేతి బ్యాటర్ బలంగా లాగితే బంతి ఆ వీధిలో పడుతుంది, పడిన చోట నేలలో ఇత్తడి బిళ్ల పొదుగుతారు. మొదటిది డెట్రాయిట్ ఆటగాడు మిక్కీ టెటిల్టన్‌ది, 1992 ఏప్రిల్ 20. ఇప్పుడు వందకు పైగా ఉన్నాయి. గోదాము గోడకు బంతి నేరుగా తగిలింది మాత్రం ఒక్కసారే: 1993లో హోమ్ రన్ డెర్బీ అనే హోమ్ రన్లు కొట్టే పోటీలో కెన్ గ్రిఫీ జూనియర్. అసలు ఆటలో ఇంతవరకు ఎవరి వల్లా కాలేదు. హోమ్ ప్లేటు నుంచి సుమారు 440 అడుగులు ఉంటుంది, కానీ దూరం ఒక్కటే సరిపోదు, కుడి గీతకు దగ్గరగా ఆ కోణంలోనే వెళ్లాలి.

కొత్త_ప్రేక్షకుడు

గోడ ఎత్తును దూరంతో కలిపి చూడాలన్న లెక్కతో చాలా విషయాలు తేలాయండీ, థ్యాంక్స్. మరి 2022లో ఎడమవైపు గోడ వెనక్కి జరిపారని, మళ్లీ ముందుకు తెచ్చారని చదివాను. అంత ఖర్చు పెట్టి ఎందుకు?

స్కోర్‌బుక్

ఎడమవైపు మరీ సులువైపోయింది. కుడిచేతి బ్యాటర్లు మామూలుగా లాగిన బంతులు కూడా గోడ దాటేవి. 2019లో ఓరియోల్స్ పిచ్చర్లు ఒకే సీజన్‌లో 305 హోమ్ రన్లు ఇచ్చి లీగు చరిత్రలోనే చెడ్డ రికార్డు పెట్టారు. పిచ్చర్ల లోపం అందులో చాలానే ఉంది, అయినా మైదానం సాయం లేకుండా అంత సంఖ్య రాదు. పేరున్న పిచ్చర్లు కూడా అలాంటి చోటుకు రావడానికి జంకుతారు.

2022కు ముందు ఎడమ గోడను గరిష్ఠంగా 26 అడుగులకు పైగా వెనక్కి జరిపారు, ఎత్తు 7 నుంచి 13 అడుగులకు లేపారు. 364 అని రాసి ఉన్న చోట 384 వచ్చింది. పై సూత్రంతో చూస్తే 371 కాస్తా 397 అయింది. ఒకేసారి 26 అడుగుల తేడా! ఎడమవైపు హోమ్ రన్లు బాగా పడిపోయాయి. సొంత జట్టు కుడిచేతి బ్యాటర్లే ఎక్కువ నష్టపోయారు. పైగా గోడ బుల్‌పెన్ (మార్పు పిచ్చర్లు ముందుగా బంతులు విసిరి సిద్ధమయ్యే ఆవరణ) దగ్గర ఒక్కసారిగా ముందుకు పొడుచుకొచ్చి మూల ఏర్పడింది. ఆ మూలకు బంతి తగిలితే ఎటు తుళ్లుతుందో ఫీల్డరు ఊహించలేడు. 2025 సీజన్‌కు ముందు గోడను కొంత ముందుకు తెచ్చి, ఎత్తు మళ్లీ సుమారు 7–8 అడుగులకు దించారు. నా అభిప్రాయంలో ఇప్పుడున్నదే సరైన మధ్యేమార్గం. దూరం, ఎత్తు రెండూ ఒకేసారి పెంచడం 2022లో చేసిన తప్పు. ఏదో ఒకటి పెంచి రెండు సీజన్లు చూసి ఉండాల్సింది.

పచ్చిక

అందరూ గోడల గురించి మాట్లాడుతున్నారు, నేల గురించి ఎవరూ ఎత్తలేదు. క్యామ్డెన్‌లో ఆడే నేల వీధి మట్టానికి 16 అడుగుల లోతున ఉంది. దీనివల్ల వీధిలోంచి లోపలికి వచ్చినవాళ్లు కింది గ్యాలరీ పైఅంచున అడుగుపెడతారు, మెట్లెక్కే పని లేదు. బయటి నుంచి చూస్తే కట్టడం చుట్టుపక్కల భవనాల ఎత్తును మించి కనపడదు. ఊరి మధ్య కట్టాలంటే ఈ ఒక్క ఉపాయం చాలా సమస్యలు తీరుస్తుంది.

కానీ గుంటలో వాన నీరు చేరుతుంది. అందుకని కింద మురుగు పారుదల గట్టిగా ఉండాలి. గంటలో 75,000 గ్యాలన్ల వరకు వాన నీటిని తోడేసేలా ఇక్కడి ఏర్పాటు ఉందని చెప్తారు. వృత్తి స్థాయి మైదానాల్లో పొరలు మామూలుగా ఇలా ఉంటాయి: అడుగున చిల్లుల గొట్టాలు, వాటి మీద నాలుగు అంగుళాల సన్న కంకర, దాని మీద పది పన్నెండు అంగుళాల ఇసుక, ఆపైన గడ్డి చాపలు. ఇసుక బదులు తోట మట్టి వేస్తే మొదటి ఏడాది గడ్డి పచ్చగా వస్తుంది, మూడో ఏడాదికి తొక్కుడుకు బిగుసుకుపోయి నీళ్లు నిలుస్తాయి. ఇసుక రేణువు పరిమాణం కంకరతో సరిపోలకపోయినా ప్రమాదమే, ఇసుక కంకరలోకి జారి గొట్టాలు పూడుతాయి.

బేసుల చుట్టూ ఎర్రమట్టి భాగం అసలు పరీక్ష. అందులో మూడింట రెండు వంతుల దాకా ఇసుక, మిగతాది బంక మన్ను, ఒండు. బంక మన్ను తక్కువైతే ఆటగాడు పరిగెత్తబోతే కాలు జారుతుంది, ఎక్కువైతే ఎండకు రాయిలా గట్టిపడి బంతి పిచ్చిగా లేస్తుంది. తడి సరిగ్గా ఉందో లేదో చూడటానికి సులువైన పద్ధతి: బూటు మేకు గుచ్చి తీయాలి. గుర్తు శుభ్రంగా పడి, మట్టి పెళ్లగా లేవకుండా, బూటుకు అంటకుండా ఉంటే సరే.

చాలామంది పట్టించుకోని లోపం ఇంకోటి ఉంది. మట్టీ గడ్డీ కలిసే అంచు. రోజూ దంతె లాగుతుంటే, ఆటగాళ్లు పరిగెత్తుతుంటే మట్టి కొంచెం కొంచెంగా గడ్డిలోకి చేరి అక్కడ గట్టు కడుతుంది. అర అంగుళం లేచినా చాలు, నేల మీద దొర్లే బంతి ఫీల్డరు మొహం మీదకు లేస్తుంది. వాన పడితే నీళ్లు ఆ గట్టు దాటలేక లోపలే చెరువవుతాయి. అంచుకు అడుగు దూరంలోనే దంతె ఆపాలి, ఆట అవగానే ఆ అంచును చీపురుతోనో బ్లోయర్‌తోనో మట్టి వైపుకు ఊడ్చాలి. వాన ఆగాక కూడా ఆట ఆలస్యమైతే చాలాసార్లు కారణం మేఘం కాదు, ఈ గట్టే.

పిచ్చర్ దిబ్బ: ఎత్తు 10 అంగుళాలు, వ్యాసం 18 అడుగులు, పలకకు ఆరంగుళాల ముందు నుంచి అడుగుకు అంగుళం చొప్పున వాలు. వాన పడితే లోపలి భాగమంతా కప్పే పట్టా 170 అడుగుల చదరం. దాన్ని ఇరవై మంది దాకా కలిసి లాగుతారు. గాలి ఎదురుగా ఉన్నప్పుడు విప్పితే కింద గాలి చేరి మనుషుల్నే లేపేస్తుంది. గాలి వచ్చే వైపు నుంచి మొదలుపెట్టి, అది వీచే దిక్కుకు లాక్కుపోవాలి.

జమాఖర్చు

మెచ్చుకోండి, కాదనను. లెక్క కూడా చూడండి. కట్టడానికి సుమారు 11 కోట్ల డాలర్లు, స్థలం కొనడం, అక్కడున్న వ్యాపారాలను తరలించడం కలిపితే దాదాపు రెట్టింపు. ఇందులో దాదాపు అంతా ప్రజల డబ్బే. 1997లో జాన్స్ హాప్కిన్స్ ఆర్థికవేత్తలు బ్రూస్ హామిల్టన్, పీటర్ కాన్ లెక్క వేస్తే రాష్ట్రానికి ఏటా వచ్చే లాభం కంటే పెట్టే ఖర్చే ఎక్కువని తేలింది. దేశంలో ఇంతకంటే విజయవంతమైన మైదానం లేదని అందరూ అనే చోటే ఇలా ఉంటే మిగతా ఊళ్ల సంగతేంటి? 2022లో మేరీలాండ్ శాసనసభ ఈ మైదానానికీ పక్కనున్న ఫుట్‌బాల్ స్టేడియానికీ చెరో 60 కోట్ల డాలర్ల దాకా అప్పు తేవడానికి అనుమతించింది. జట్టుతో 30 ఏళ్ల కొత్త ఒప్పందం ఖరారైంది 2023 డిసెంబరులో.

లాటరీ డబ్బు పన్ను కాదు కదా అని కొందరంటారు. లాటరీ టికెట్లు ఎక్కువగా కొనేది ఎవరు? చాలావరకు మైదానంలో టికెట్ కొనగలిగినవాళ్లు కాదు.

సుధ_ఆర్కిటెక్ట్

జమాఖర్చు గారూ, ఆర్థికం మీద మీతో వాదించను. ఆ అధ్యయనం తర్వాత వచ్చినవాటిలో కూడా చాలావరకు అదే మాట చెప్పాయి. ఒక్కటే అంటాను: ప్రజల డబ్బు ఎలాగూ పెడుతున్నప్పుడు ఊరికి ఏం మిగులుతుందన్నది డిజైన్ మీద ఆధారపడి ఉంటుంది. ఓరియోల్స్ పాత మైదానం మెమోరియల్ స్టేడియంలో చివరి సీజన్, 1991లో, సుమారు 25.5 లక్షల మంది వచ్చారు. కొత్తచోట మొదటి సీజన్‌కు సుమారు 35.7 లక్షలు. ఆ జనం రైలు దిగి, నడిచి, చుట్టుపక్కల తిని వెళ్లారు. ఆట లేని రోజు కూడా యూటా వీధిలో ఎవరైనా నడవొచ్చు. కార్ల పార్కింగ్ సముద్రం మధ్యలో పెట్టి ఉంటే ఇవేవీ ఉండేవి కావు.

గోదామును ఉంచాలన్న ఆలోచన ఎవరిదన్నది ఇప్పటికీ తగవే. 1987లో సిరక్యూజ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ మాస్ అనే ఆర్కిటెక్చర్ విద్యార్థి తన ప్రాజెక్టులో గోదామును కలుపుకుని అదే చోట మైదానం గీశాడు. అది నిర్ణయాన్ని ఎంత మార్చిందన్నదాని మీద రకరకాల వాదనలున్నాయి. పేరు కూడా రాజీయే: యజమాని ఈలై జేకబ్స్ ‘ఓరియోల్ పార్క్’ అన్నారు, గవర్నర్ షేఫర్ ‘క్యామ్డెన్ యార్డ్స్’ అన్నారు, రెండూ కలిపి ‘ఓరియోల్ పార్క్ ఎట్ క్యామ్డెన్ యార్డ్స్’ అయింది.

ఇక నాకు బాధ కలిగించేది తర్వాత వచ్చిన నకళ్లు. ఇటుక కనపడితే చాలు జనం మెచ్చుకుంటారని చాలా ఊళ్లు అనుకున్నాయి. చుట్టూ ఏ అడ్డంకీ లేని ఖాళీ స్థలంలో కూడా గోడకు వంకరలు గీశారు. ఆ వంకరకు కారణం లేదు, అందుకే అది అతికించినట్టు ఉంటుంది. కారణం ఉన్నచోట చూడండి. శాన్ ఫ్రాన్సిస్కోలో 2000లో తెరిచిన మైదానానికి కుడివైపు సముద్రపు పాయ ఉంది, అందుకే గీత మీద 309 అడుగులే, గోడ 24 అడుగులు. బలంగా కొడితే బంతి నీళ్లలో పడుతుంది. శాన్ డియేగోలో 2004లో పెట్కో పార్క్ కట్టేటప్పుడు 1909 నాటి వెస్టర్న్ మెటల్ సప్లై కంపెనీ భవనాన్ని ఉంచారు. దాని మూలే ఎడమ ఫౌల్ పోల్ (ఫౌల్ గీత చివర ఉండే స్తంభం).

రావు_స్టీల్

> ఇటుక కనపడితే చాలు జనం మెచ్చుకుంటారని

సరిగ్గా చెప్పారు. పిట్స్‌బర్గ్ పీఎన్‌సీ పార్క్ (2001) ఇటుక జోలికే పోలేదు, మిన్నెసోటా నుంచి తెచ్చిన పసుపు సున్నపురాయి వాడింది. అయినా క్యామ్డెన్ పాఠం బాగా అర్థం చేసుకున్నది అదే అంటాను. రెండే అంతస్తుల గ్యాలరీ, అన్నిటికంటే పై సీటు కూడా మైదానానికి 88 అడుగుల ఎత్తులోనే. సీట్లు 38,000 పైచిలుకు మాత్రమే. ఎదురుగా నది, వంతెన, ఊరు. కుడివైపు గోడ 21 అడుగులు, ఆ జట్టు దిగ్గజం రాబెర్టో క్లెమెంటే జెర్సీ సంఖ్యకు గౌరవంగా. సీట్లు తగ్గించుకునే ధైర్యం ఉంటేనే ప్రేక్షకుడు ఆటకు దగ్గరవుతాడు. క్యామ్డెన్ కూడా 48,000 దగ్గర మొదలై ఇప్పుడు 45,000 దగ్గరికి వచ్చింది.

పాత ఇటుక భవనాన్ని కలుపుకోవాలనుకునే వాళ్లకు ఒక జాగ్రత్త. వందేళ్ల కిందటి ఇటుక మెత్తన, దాని మధ్య సున్నపు గచ్చు ఇంకా మెత్తన. కీళ్లు ఊడాయని గట్టి సిమెంటుతో పూడిస్తే లోపలి తడి బయటికి రావడానికి కీలు దారి ఇవ్వదు, ఇటుక మొహం గుండా వస్తుంది. చలికి ఆ తడి గడ్డకట్టి ఇటుక పెచ్చులు రాలుతుంది. గచ్చు ఎప్పుడూ ఇటుక కంటే బలహీనంగా ఉండాలి. ముందు కొంచెం పాత గచ్చు తీసి పరీక్షకు పంపి, దానికి సరిపోయే సున్నం పాళ్లు నిర్ణయించాకే పని మొదలుపెట్టాలి.

పట్టాల_పక్కన

దిక్కుల సంగతి. బేస్‌బాల్ నిబంధనలో హోమ్ ప్లేటు నుంచి రెండో బేసు మీదుగా పోయే గీత తూర్పు-ఈశాన్యంగా ఉంటే మంచిదని సూచన ఉంది. సాయంత్రపు ఎండ బ్యాటర్ కళ్లలో పడకూడదని. క్యామ్డెన్‌లో ఆ గీత ఇంకాస్త ఉత్తరానికి తిరిగి ఉంది. గోదాము పొడవును, వీధుల గీతను అనుసరించడం వల్ల అలా వచ్చింది. ఫలితంగా బ్యాటర్‌కు ఎదురుగా ఊరి భవనాలు, 1911 నాటి బ్రోమో సెల్ట్‌జర్ గడియార స్తంభం కనిపించేవి. కనిపించేవి అని ఎందుకన్నానంటే 2008లో మైదానానికి ఉత్తరాన హిల్టన్ హోటల్ వచ్చి చాలా సీట్ల నుంచి ఆ దృశ్యాన్ని మూసేసింది. ఊరిని చూపించడమే ప్రాణంగా కట్టిన మైదానం ఎదుట అంత మందపు గోడ లేవనివ్వడం ప్రణాళికాధికారుల పెద్ద వైఫల్యం. దృశ్యం కూడా ఆస్తే అనుకుని ఆ దిశలో భవనాల ఎత్తుకు ముందే హద్దు రాసుకోవాలి.

రవాణా విషయానికొస్తే, ఆ స్థలం 19వ శతాబ్దం నుంచీ రైల్వే యార్డే. క్యామ్డెన్ స్టేషన్ పక్కనే ఉంది, వాషింగ్టన్ వైపు నుంచి మార్క్ రైలు అక్కడికి వస్తుంది. లైట్ రైల్ (ట్రామ్ లాంటి ఊరి రైలు) కూడా 1992లోనే మొదలైంది. హైవే దిగితే నేరుగా అక్కడికే చేరతారు. ఇంత సదుపాయం ముందే ఉన్న స్థలం దొరకడం వల్లే ఊరి మధ్య కట్టడం సాధ్యమైంది. ఈ లెక్క లేకుండా ‘డౌన్‌టౌన్’ అన్న పేరు చూసి నకలు చేస్తే ట్రాఫిక్ జామ్ మాత్రమే మిగులుతుంది.

ఇంకొక ముచ్చట: బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ పుట్టిన ఇల్లు కొద్ది వీధుల అవతలే ఉంది. అతని తండ్రి నడిపిన సారాయి దుకాణాల్లో ఒకటి ఇప్పటి మైదానం ఉన్న స్థలంలోనే ఉండేది.

కొత్త_ప్రేక్షకుడు

అందరికీ కృతజ్ఞతలు. మా అక్కావాళ్లు మేరీలాండ్‌లోనే ఉంటారు, వేసవిలో అక్కడికి వెళ్తున్నాం. పగటి ఆట చూడాలంటే ఎటువైపు సీటు తీసుకోవాలి? చూడాల్సినవి ఏవి?

స్కోర్‌బుక్

పగటి ఆటైతే మూడో బేసు వైపు తీసుకోండి. ఆ గ్యాలరీ పడమటి వైపు ఉంది కాబట్టి నీడ ముందు అక్కడే పడుతుంది. వెనక వరుసలైతే ఇంకా ముందే, పై గ్యాలరీ నీడ వల్ల. కుడి ఫీల్డులో, మొదటి బేసు దాటిన సీట్లలో సూర్యుడు చివరిదాకా మొహం మీదే ఉంటాడు. జూలై, ఆగస్టుల్లో పిల్లలతో అటు వద్దు. సాయంత్రం ఆటైతే మూడో బేసు వైపే మళ్లీ మేలు, ఎందుకంటే ఎదురుగా గోదాము మీద వాలే ఎండ ఇటుకను ఎర్రగా మెరిపిస్తుంది.

గేట్లు తెరవగానే వెళ్లండి. ముందు యూటా వీధి పొడవునా నేల చూస్తూ నడిస్తే ఇత్తడి బిళ్లలు కనపడతాయి, ఒక్కోదాని మీద ఆటగాడి పేరు, తేదీ, దూరం ఉంటాయి. సీట్లన్నీ ఆకుపచ్చవి, రెండింటికి మాత్రం నారింజ రంగు వేశారు. ఎడమవైపుది 1993 జూలైలో క్యాల్ రిప్కెన్ షార్ట్‌స్టాప్‌గా (రెండో, మూడో బేసుల మధ్య నిలబడే ఫీల్డరు) 278వ హోమ్ రన్ కొట్టి రికార్డు దాటినప్పుడు బంతి పడిన చోటు, కుడివైపుది 1996లో ఎడ్డీ ముర్రే 500వ హోమ్ రన్ పడిన చోటు. ఫౌల్ పోల్స్ కూడా గమనించండి, అవి పాత మెమోరియల్ స్టేడియం నుంచి తెచ్చి పాతినవి. బుల్‌పెన్లు ఎడమ-మధ్య భాగంలో ఒకదాని వెనక ఒకటి మెట్లలా ఉంటాయి. వాటి పక్క కంచె దగ్గర నిలబడితే పిచ్చర్లు విసిరే బంతి చప్పుడు దగ్గరగా వినొచ్చు.

పచ్చిక

ఆటకు ముందు ఒక పావుగంట మైదానం సిబ్బందిని కూడా చూడండి. మట్టికి నీళ్లు పట్టే మనిషి గొట్టం మూతి పైకెత్తి వాన జల్లులా పడేట్టు పడతాడు, నేరుగా మట్టి మీద కొట్టడు. నేరుగా కొడితే సన్న రేణువులు కొట్టుకుపోయి గుంటలు పడతాయి. ఆట మధ్యలో, మామూలుగా మూడో, ఆరో ఇన్నింగ్స్ తర్వాత, దంతె లాగడానికి వస్తారు. అప్పుడు గడ్డి అంచుకు ఎంత దూరంలో ఆపుతున్నారో గమనించండి.

పట్టాల_పక్కన

మీ అక్కావాళ్లు వాషింగ్టన్ వైపు ఉంటే రైలు నమ్ముకునే ముందు తిరుగు ప్రయాణం వేళలు చూసుకోండి. మార్క్ క్యామ్డెన్ మార్గం ఆఫీసు వేళల కోసం నడిచేది, రాత్రి ఆట అయ్యేసరికి చివరి రైలు దాటిపోవచ్చు. కారును లైట్ రైల్ స్టేషన్ పార్కింగ్‌లో పెట్టి రావడం మేలు. రానూపోనూ టికెట్ ముందే తీసుకుంటే ఆట అయ్యాక మెషీన్ల దగ్గర క్యూ తప్పుతుంది.